మందు ఊరికొచ్చింది, పరీక్ష రాలేదు

2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ చేసిన ఒక ప్రకటన హెచ్‌ఐవీ వైద్యాన్నే మార్చేసింది. అప్పటిదాకా ఒక మనిషికి ఏడాదికి సరిపడా మందులు కొనాలంటే పది వేల డాలర్లకు పైనే పెట్టాల్సి వచ్చేది. పేద దేశాల్లో పనిచేసే వైద్య సేవా సంస్థలకు మూడు మందుల కలయికను 350 డాలర్లకే ఇస్తామని ఆ కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ ముందుకొచ్చారు. తర్వాత మన హైదరాబాద్ కంపెనీలూ రంగంలోకి దిగాయి. హెటెరో, అరబిందో, లారస్ పేర్లు మన దగ్గర ఎవరికీ కొత్త కాదు. ఆఫ్రికాలో లక్షల మంది రోజూ వేసుకునే హెచ్‌ఐవీ మాత్రల్లో మనవాళ్ల చేతిపని ఉంది. 2004 ఏప్రిల్ 1న మన దేశంలోనూ ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకే ఒక్క మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్తే పైసా తీసుకోకుండా చేతిలో పెడతారు.

మాత్ర అంత చవకైంది. ఆ మాత్ర ఒంట్లో పనిచేస్తోందా లేదా అని చెప్పే పరీక్ష మాత్రం ఇంకా పెద్ద ఊళ్లలోని పెద్ద ల్యాబుల్లోనే ఉండిపోయింది. ఒక పరీక్ష చవకదా కాదా అని తేల్చేటప్పుడు కిట్ ధర చూస్తే సరిపోదని నా వాదన. ఫలితం రోగి చెవిన పడేసరికి ఆ రోగికి మొత్తం ఎంత అయిందో చూడాలి. అలా లెక్కేస్తే ఏటూరునాగారం అవతలి ఊళ్లో ఉండే మనిషికి ఈ ఉచిత పరీక్ష చాలా ఖరీదైనది. దాన్ని నిజంగా చవక చేసే సాంకేతికత ఎక్కడో ఆకాశంలో లేదు. చాలావరకు తయారై ఉంది, కొంత మన ఆసుపత్రుల్లోనే ఉంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ములుగు వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాకాలం పనిచేశాను, ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. హెచ్‌ఐవీ గురించి డాక్టర్లు రాస్తారు, కౌన్సెలర్లు మాట్లాడతారు. రక్తం తీసిన ట్యూబ్ ఆ తర్వాత ఎక్కడికి పోయింది, ఎన్ని గంటలు ఎక్కడ ఆగింది అన్నది మాత్రం ఎవరూ రాయరు. నాకు బాగా తెలిసింది ఆ ట్యూబ్ సంగతే, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఏం కొలుస్తామో చెప్పుకోవాలి. హెచ్‌ఐవీ వైరస్ రక్తంలోని సీడీ4 అనే రక్షణ కణాలను దెబ్బతీస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఒక మైక్రోలీటర్ రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. 200 కిందికి పడితే టీబీ, ఫంగస్ లాంటివి మీద పడతాయి. రెండో పరీక్ష వైరల్ లోడ్. ఒక మిల్లీలీటర్ ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, వైరస్ కాపీలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. మన కాకతీయుల చెరువుల్లో ఒకదాన్ని మనసులో పెట్టుకోండి. సీడీ4 అంటే చెరువులో మిగిలిన నీళ్లు. వైరల్ లోడ్ అంటే కట్టకు పడిన గండి. నీళ్లు తగ్గాయని గట్టు మీద నిలబడి గమనించేసరికి గండి పడి చాలా రోజులై ఉంటుంది.

మొదటి ఏళ్లలో మనకు సీడీ4 ఒక్కటే దిక్కు. 200 కిందికి పడితేనే మందు మొదలుపెట్టేవాళ్లు. తర్వాత ఆ గీతను 350కి, ఆపైన 500కి జరిపారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే, మందు పనితీరు చూడటానికి వైరల్ లోడే మేలైన పద్ధతి అని చెప్పింది. మన దేశంలో 2018 నుంచి మందు వాడే వాళ్లందరికీ ఆ పరీక్ష చేయడం మొదలైంది. మందు మొదలైన ఆరు నెలలకు ఒకసారి, పన్నెండు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. వెయ్యి కాపీలు దాటితే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా లేదా అని కూర్చోబెట్టి మాట్లాడతారు, మూడు నెలలు చూసి మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ తగ్గకపోతే మందు మార్చే ఆలోచన చేస్తారు.

పద్ధతి మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ ట్యూబ్ వెంట ఒకసారి నడవండి.

రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం పూసిన, ఊదారంగు మూత ట్యూబ్‌లోకి రక్తం తీస్తాం. తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. చేయకపోతే గడ్డ కడుతుంది. తొందరలో గట్టిగా ఊపితే ఎర్రకణాలు పగిలిపోయి ప్లాస్మా ఎర్రబడుతుంది, ఆ శాంపిల్ పనికిరాదు. వైరస్‌లో ఉండే జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ వేడికి నిలవదు, ఎక్కువసేపు ఆగదు. కొన్ని గంటల్లో, ఎంత ఆలస్యమైనా ఒక రోజులోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మాను వేరు చేయాలి. వేరు చేశాక చల్లగా ఉంచాలి. ఐస్ ప్యాకులు సర్దిన డబ్బాలో పెట్టి, ట్యూబ్ మీది నంబరు, ఫారం మీది నంబరు ఒకటేనా అని చూసి, బండి ఎక్కించాలి. ఇక్కడ పేర్లు రాయం, నంబర్లే రాస్తాం. ఒక అంకె తారుమారైతే అటువైపు ల్యాబ్ ఆ శాంపిల్‌ను తిరస్కరిస్తుంది, తిరస్కరించాలి కూడా. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి సెంట్రిఫ్యూజ్ సగంలో ఆగినప్పుడు ఆ గదిలో ఉన్న టెన్షన్ ఎలాంటిదో నాలాంటి వాళ్లకే తెలుసు. ఆ ట్యూబ్ వెనక వంద కిలోమీటర్ల పైచిలుకు బస్సులో వచ్చిన మనిషి ఉంటుంది. మళ్లీ రమ్మని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

శాంపిల్ ల్యాబ్‌కు చేరాక కూడా వెంటనే చేయరు. పెద్ద మెషీన్లు ఒకేసారి పదుల శాంపిళ్లు నడుపుతాయి. బ్యాచ్ నిండాలి. ఫలితం కంప్యూటర్‌లోకి ఎక్కాలి. సెంటర్‌లో ఎవరో దాన్ని తీసి ఆ మనిషి ఫైల్‌లో పెట్టాలి. ఇవన్నీ సవ్యంగా జరిగినా రోగికి విషయం తెలిసేది మళ్లీ మాత్రలకు వచ్చినప్పుడే. కరోనా తర్వాత చాలామందికి రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తున్నారు. అది ఎంతో మేలు, ఆ మేలును వెనక్కి తీసుకోకూడదు. కానీ మాత్రలకు వచ్చే సారి దూరమైన కొద్దీ ఫలితం చేతికందే రోజు కూడా దూరమైంది.

గోదావరి ఒడ్డు ఊరి నుంచి వచ్చే ఒకామె ఉండేది. మిర్చి తోటల్లో ముఠాతో కలిసి కూలికి పోయేది. మిర్చి ఏరే రోజుల్లో ఒకసారి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"సారూ, నా రిపోర్టు అచ్చిందా?"

"ఇంకా రాలేదమ్మా. మందులకు వచ్చినప్పుడు అక్కడే చెప్తారు."

"మళ్ల అచ్చుడంటే కష్టం సారూ. నెలనెలా వరంగల్ ఎందుకు పోతున్నవే, నీకేం రోగమే అని ముఠా మేస్త్రి నలుగుట్ల అడిగిండు."

2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు బస్సు కిరాయి పోయింది. అది చిన్న విషయం కాదు. కానీ పోయిన కూలి అలాగే ఉంది, మేస్త్రి అడిగే ప్రశ్న అలాగే ఉంది. ఆ ప్రశ్న బస్సు కిరాయి కంటే బరువైనది. దానికి భయపడి మందులు మానేసిన వాళ్లను నేను చూశాను.

ఆమె రిపోర్టు చివరికి వచ్చింది. వెయ్యి దాటింది. కౌన్సెలర్ నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఏరే సీజన్‌లో ముఠా అంతా చేను దగ్గరే గుడిసెల్లో పడుకుంటారు. రాత్రిపూట అందరి మధ్య మాత్రల డబ్బా తీసే వీలు లేదు, అది గలగలమంటుంది కూడా. అందుకని చాలా రాత్రులు వేసుకోలేదు. దానికి పరిష్కారం పది నిమిషాల్లో దొరికింది. మాత్ర పొద్దున వేసుకోమన్నారు. వారానికి సరిపడా మాత్రలు చిన్న పొట్లంలో కట్టుకుని బియ్యం సంచిలో పెట్టుకోమన్నారు. అంతే. కానీ ఆ పది నిమిషాల మాట చెప్పడానికి నెలలు పట్టింది, అప్పటికి సీజన్ అయిపోయింది. ఆ నెలలన్నీ వైరస్ ఆమె ఒంట్లో పెరుగుతూనే ఉంది. సగం సగం మందు తగిలినప్పుడే వైరస్ ఆ మందుకు మొండిబారుతుంది. ఆమె రక్తం ఇచ్చిన రోజే, ఇంకో రెండు గంటలు కూర్చుంటే ఫలితం చేతికొచ్చి ఉంటే, కౌన్సెలర్ ఆ మాట అప్పుడే చెప్పి ఉండేది.

ఇది నా ఊహ కాదు, పరీక్షించి చూసిన విషయం. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో స్ట్రీమ్ అనే అధ్యయనం చేశారు. ఫలితాలు 2020లో వచ్చాయి. 390 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలుగా శాంపిల్ ల్యాబ్‌కు పంపే పద్ధతి. రెండో భాగానికి క్లినిక్‌లోనే చిన్న మెషీన్ మీద పరీక్ష, అదే రోజు ఫలితం, చాలావరకు చూసుకునేది నర్సులే. ఏడాది తిరిగేసరికి, చికిత్సలో నిలిచి, వైరస్ అదుపులో ఉన్నవాళ్లు మామూలు పద్ధతిలో 76 శాతం, అక్కడికక్కడే ఫలితం ఇచ్చిన పద్ధతిలో 90 శాతం. రెండు గుంపులకూ సెంటర్‌లో ఇచ్చే మాత్రలు ఒకటే. మారింది ఫలితం వచ్చే వేగం, దాన్ని చెప్పే మనిషి.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట గట్టిదే. ఉగాండా, జింబాబ్వేల్లో మూడు వేల మూడు వందల మందికి పైగా రోగులతో డార్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2010లో అచ్చయింది. కొందరికి మూడు నెలలకోసారి సీడీ4, ఇతర రక్తపరీక్షలు చేసి డాక్టర్లకు ఫలితాలు ఇచ్చారు. మిగతావాళ్లను డాక్టర్ లక్షణాలు చూసి మాత్రమే నడిపించారు. ఐదేళ్లకు బతికున్నవాళ్లు ఆ ఫలితాలు డాక్టర్లకు అందిన గుంపులో 90 శాతం, అందని గుంపులో 87 శాతం. అంత తక్కువ తేడా కోసం ల్యాబుల మీద డబ్బు ఎందుకు, అది మందుల మీద పెడితే ఇంకెంతమంది బతుకుతారు అన్నది ప్రశ్న. ఆ రోజుల్లో అది సరైన ప్రశ్న, సరైన జవాబు కూడా. ల్యాబ్ లేదన్న కారణంతో ఎవరికీ మందు ఆపకూడదన్న పాఠం దాని నుంచే గట్టిపడింది. నేను ఇప్పటికీ ఆ మాటకు కట్టుబడి ఉంటాను.

కానీ డార్ట్‌లో చూసింది సీడీ4, వైరల్ లోడ్ కాదు. పైగా అప్పటి నుంచి లోకం మారింది. వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గితే ఆ మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి వైరస్ సోకదని ఇప్పుడు రుజువైంది. అంటే ఆ కాగితం మీది ఫలితం ఒక రోగి ఆరోగ్యం ఒక్కటే కాదు, ఒక సంసారం. నాకు తెలిసిన ఒక జంట, మొగుడు పాజిటివ్, భార్య నెగటివ్, ఆ ఫలితం తెలిశాకే పిల్లల గురించి ధైర్యంగా మాట్లాడుకున్నారు. ఐదేళ్ల బతుకు లెక్కల్లో ఇలాంటివి ఎక్కడా కనిపించవు.

అన్నింటికన్నా ముందు గర్భిణులు. పాజిటివ్ అయిన గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ చూడాలని మన దేశపు మార్గదర్శకాలు చెబుతున్నాయి. పుట్టే బిడ్డకు ఒక మందు చాలా, రెండు మందులు కావాలా అన్నది ఆ ఫలితం మీదే తేలుతుంది. తల్లి ఫలితం తెలియకపోతే బిడ్డను ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లలో లెక్కేసి రెండు మందులూ వేయాలి. 34వ వారంలో రక్తం ఇచ్చిన తల్లికి నెల తర్వాత రిపోర్టు వస్తే ఏం లాభం? అప్పటికి కాన్పు అయిపోయి ఉండొచ్చు. ఆ తల్లి విషయంలో ఆలస్యంగా వచ్చిన ఫలితం రాని ఫలితమే. పైగా తల్లి నుంచి బిడ్డకు వైరస్ ఎక్కువగా పోయేది కాన్పు సమయంలోనే. మెషీన్ ఒక్కటే ఉండి, ఒక్కో పరీక్షకు ఒకటి చొప్పున అందులో పెట్టే కార్ట్రిడ్జులు నాలుగే మిగిలితే అవి ఎవరికి వాడాలన్న ప్రశ్నకు నా దగ్గర వేరే జవాబు లేదు.

ఇక సాంకేతికత. నాకు నచ్చిన పరికరాలన్నింటిలో ఒక పోలిక ఉంది. వాటిని తయారు చేసినవాళ్లు ముందుగా ఏది అక్కర్లేదో ఆలోచించారు. కేంబ్రిడ్జ్‌లో హెలెన్ లీ బృందం చేసిన సాంబా అనే యంత్రం వైరస్ కాపీలను ఒక్కొక్కటీ లెక్కపెట్టదు. వెయ్యికి పైనా, కిందా అన్నది చెబుతుంది, అంతే. మాలావి, ఉగాండా ఊళ్లలో దాన్ని వాడారు. నాకు అది ఎంతో తెలివైన నిర్ణయం అనిపిస్తుంది. క్లినిక్‌లో కూర్చున్న నర్సు తీసుకోవాల్సిన నిర్ణయం కూడా పైనా కిందా అన్నదే కదా. 43,716 అని రాసినా 51,200 అని రాసినా ఆమె చేసే పని ఒకటే.

సీడీ4 విషయంలోనూ అంతే. ఒకప్పుడు సీడీ4 చూడాలంటే లేజర్ ఉన్న ఫ్లో సైటోమీటర్ కావాలి, ఏసీ గది కావాలి, ఫ్రిజ్‌లో పెట్టే రీఏజెంట్లు, అంటే పరీక్షలో వాడే రసాయనాలు కావాలి, దాన్ని నడపడానికి ప్రత్యేకంగా నేర్చుకున్న మనిషి కావాలి. తర్వాత పిమా అనే చిన్న పెట్టె వచ్చింది. వేలి నుంచి రక్తపు చుక్క తీసి కార్ట్రిడ్జ్‌లో పెడితే ఇరవై నిమిషాల్లో అంకె చెబుతుంది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని బర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధన నుంచి విజిటెక్ట్ అనే పట్టీ వచ్చింది. దానికి కరెంటూ అక్కర్లేదు, మెషీనూ అక్కర్లేదు. గర్భం చూసే స్ట్రిప్ లాగే గీతలు చూసి, సీడీ4 200 కంటే ఎక్కువా తక్కువా అని నలభై నిమిషాల్లో తేల్చేయొచ్చు. 200 కంటే తక్కువ అని తేలితే, మూత్రంతో టీబీ చూసే ల్యామ్ పట్టీ, రక్తంలో క్రిప్టోకాకస్ ఫంగస్ చూసే ఇంకో పట్టీ అక్కడికక్కడే వాడొచ్చు. ఆలస్యంగా వచ్చి ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఈ మూడు పట్టీలు ఒక ఏసీ ల్యాబ్ కంటే ఎక్కువ మేలు చేస్తాయి. వైరల్ లోడ్ వచ్చింది కాబట్టి సీడీ4 ఇక అక్కర్లేదనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. అది పట్నంలో నిజం కావచ్చు. ఒళ్లంతా ఎండిపోయి, దగ్గుతూ, మొదటిసారి మండల ఆసుపత్రి గడప ఎక్కే మనిషి విషయంలో మాత్రం కాదు.

వైరల్ లోడ్‌కు మనకు కొత్త మెషీన్ కొనాల్సిన అవసరం కూడా చాలాచోట్ల లేదు. టీబీ పరీక్షల కోసం మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీబీనాట్ అని పిలిచే మెషీన్లు ఉన్నాయి. అసలు పేరు జీన్‌ఎక్స్‌పర్ట్. అదే పెట్టెలో హెచ్‌ఐవీ వైరల్ లోడ్ కార్ట్రిడ్జ్ పెడితే గంటన్నరలో ఫలితం వస్తుంది. ఆ కార్ట్రిడ్జ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే ఆమోదించింది. ఒక మిల్లీలీటర్ ప్లాస్మా కావాలి కాబట్టి పక్కన సెంట్రిఫ్యూజ్ ఒకటి ఉండాలి, అది ఏ చిన్న ల్యాబ్‌లోనైనా ఉంటుంది. అడ్డం వచ్చేదల్లా టీబీ పెట్టె టీబీ వాళ్లది, హెచ్‌ఐవీ బడ్జెట్ హెచ్‌ఐవీ వాళ్లది అన్న గోడ. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే. రోగం ఒకే ఒంట్లో కలిసి ఉన్నప్పుడు మెషీన్ దగ్గర విడివిడిగా ఉండటంలో అర్థం లేదు.

అయితే మెషీన్ ఉంది కదా అని సంబరపడితే సరిపోదు. జీన్‌ఎక్స్‌పర్ట్ ఉన్న గది 30 డిగ్రీలు దాటకూడదు, కార్ట్రిడ్జులను 28 డిగ్రీల లోపు ఉంచాలి. రామగుండంలో, వరంగల్‌లో మే నెల ఎండ ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏసీ పాడైతే మెషీన్ కూడా ఆగినట్టే. నేను పనిచేసిన ఒకచోట మెషీన్ బాగానే ఉంది, కార్ట్రిడ్జ్ పెట్టే అర (మాడ్యూల్) ఒకటి చెడిపోయి, బాగుచేసే మనిషి రాక, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచారు. దాని పక్కనే శాంపిళ్లు ఐస్ డబ్బాలో సర్ది జిల్లా కేంద్రానికి పంపేవాళ్లం. గోవాలో మోల్‌బయో కంపెనీ చేసిన ట్రూనాట్ ఇందుకే నాకు నచ్చింది. బ్యాటరీ మీద నడుస్తుంది, చిన్నది, మన వేడిని, మన దుమ్మును ఎరిగినవాళ్లు చేసింది. దాన్ని టీబీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒప్పుకుంది. మన దేశంలో ఇలాంటి పెట్టె తయారు చేయగలరా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక్కడ నా వాదనకే అడ్డం వచ్చే విషయం ఒకటి ఉంది. చాలామంది రోగులు పరీక్ష తమ ఊరికి రావాలని కోరుకోరు. దూరంగా ఉండాలనే కోరుకుంటారు.

ఇది బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మంథని మనిషి కరీంనగర్ వదిలి వరంగల్ వస్తాడు, పరకాల మనిషి వరంగల్ వదిలి కరీంనగర్ పోతాడు. దగ్గరున్న సెంటర్‌లో ఎవరైనా చూస్తారని భయం. మండల ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న వాళ్లలో ఒకరు మేనత్త అవుతారు, ఒకరు పక్కింటివాళ్లు. అటెండర్ వియ్యంకుడికి బంధువు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడం చట్టవిరుద్ధం. చట్టం మంచిది. కానీ ఊళ్లో వార్త పాకడానికి నోటి మాట అక్కర్లేదు, ఫలానా గదిలోంచి బయటికి రావడం చూస్తే చాలు. భివండి మగ్గాల మీద పనిచేసి వచ్చినవాళ్లు, గల్ఫ్ ఉద్యోగానికి చేసే మెడికల్ పరీక్షలో ఫెయిలై తిరిగొచ్చినవాళ్లు, వాళ్ల భార్యలు, ఈ చూపులను ఏళ్ల తరబడి మోశారు. వాళ్ల భయాన్ని అజ్ఞానం అనడం నాకు ఒప్పదు. వాళ్లకు తమ ఊరు మనకంటే బాగా తెలుసు.

అందుకే మండలానికి మెషీన్ రావాలి గానీ హెచ్‌ఐవీ బోర్డు రాకూడదు. దగ్గుకు, జ్వరానికి, కామెర్లకు అందరూ వచ్చే ల్యాబ్‌లోనే, అందరి ట్యూబుల మధ్యే ఈ ట్యూబ్ కూడా ఉండాలి. టీబీ మెషీన్‌ను పంచుకోవడంలో డబ్బు ఆదా కంటే నాకు ఈ చాటు ముఖ్యం. అప్పటికీ దూరమే కావాలనుకునేవాళ్ల కోసం దూరం దారి తెరిచే ఉంచాలి. వాళ్లకు ఎండిన రక్తపు చుక్కల కార్డు ఉంది. వేలి నుంచో మడమ నుంచో తీసిన రక్తాన్ని వడపోత కాగితం మీది గుండ్రాల్లో వేసి ఆరబెడితే చాలు, ఐస్ అక్కర్లేదు, కవర్‌లో పెట్టి పంపొచ్చు. మన దేశంలో పాజిటివ్ తల్లుల పసిపిల్లలకు 2010 నుంచి ఇలాగే పరీక్ష చేస్తున్నారు. పెద్దల వైరల్ లోడ్‌కు ఇది ప్లాస్మా అంత సూక్ష్మంగా చెప్పలేదు, తక్కువ అంకెల దగ్గర తడబడుతుంది. వెయ్యికి పైనా కిందా అని తేల్చడానికి మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఒప్పుకుంటుంది.

శాంపిళ్లు మోయడానికి మన రాష్ట్రానికి దారి కూడా ఉంది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలై 2021 జూన్ నుంచి జిల్లాలకు వచ్చింది. పీహెచ్‌సీల నుంచి బండ్లు శాంపిళ్లు తీసుకుపోతాయి, ఫలితం ఫోన్‌కు వస్తుంది. రోజూ తిరిగే ఆ బండిలో ఒక కవర్ ఎక్కించడం పెద్ద పని కాదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మన పల్లెల్లో ఆడవాళ్ల పేరు మీదున్న ఫోన్ కొడుకు చేతిలోనో మొగుడి చేతిలోనో ఉంటుంది. వైరల్ లోడ్ ఫలితం ఆ ఫోన్‌కు మెసేజ్‌గా పోకూడదు. "మీ మందులు తీసుకునే రోజు వచ్చింది" లాంటి ఏ అనుమానం రాని మాట చాలు. మెసేజ్‌లో ఏం రాయాలో పాజిటివ్ వాళ్ల సంఘాల్లోని ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఏ ఐటీ కంపెనీ కంటే బాగా చెబుతారు.

మందుల్లో మనం చేసింది పరీక్షల్లో ఎందుకు చేయలేకపోయాం అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. మాత్ర ఫార్ములా తెలిస్తే ఎవరైనా తయారు చేయొచ్చు, పది కంపెనీలు పోటీ పడ్డాయి, ధర పడింది. పరీక్ష అలా కాదు. పెట్టె ఒక కంపెనీది అయితే కార్ట్రిడ్జ్ కూడా ఆ కంపెనీదే కొనాలి, బాగుచేసేది కూడా వాళ్లే. పోటీ పెట్టె కొనే రోజు వరకే, ఆ తర్వాత పదేళ్లు వాళ్లు చెప్పిందే ధర. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు ఆఫ్రికా దేశాల హెచ్‌ఐవీ కార్యక్రమాలు ఎలా తల్లడిల్లాయో చూశాం. మన కార్యక్రమం ఎక్కువగా మన డబ్బుతోనే నడుస్తోంది, అది మన బలం. ఆ బలాన్ని పరీక్షల తయారీలో కూడా చూపించాలి. 2020లో కరోనా వేళ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు డ్రై స్వాబ్ పద్ధతి తెచ్చారు. స్వాబ్‌ను ద్రవంలో వేయకుండా పొడిగానే పంపడం, ఆర్‌ఎన్‌ఏను విడిగా తీసే దశను ఎత్తేయడం. ఖర్చూ తగ్గింది, సమయమూ తగ్గింది, ఐసీఎంఆర్ కూడా ఒప్పుకుంది. ఆ ఆలోచనా తీరే హెచ్‌ఐవీ పరీక్షకు కావాలి. సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉంది, మాత్రలు చేసే కంపెనీలు పక్కనే ఉన్నాయి.

పార్కులు, పరిశోధనలు ఫలించేదాకా ఆగాల్సిన పని లేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, ఈ మూడు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంతాల్లో టీబీ మెషీన్ ఉన్న ఆసుపత్రుల్లో పాజిటివ్ గర్భిణులకు అదే రోజు వైరల్ లోడ్ చేయడంతో మొదలుపెట్టొచ్చు. వాళ్ల సంఖ్య తక్కువ, కార్ట్రిడ్జులు తక్కువ, తేడా వెంటనే కనిపిస్తుంది. తర్వాత వెయ్యి దాటి కౌన్సెలింగ్‌లో ఉన్నవాళ్లు, ఆ తర్వాత మిగతావాళ్లు. కొనే పద్ధతి కూడా అక్కడే మార్చాలి. టెండర్‌లో పెట్టె ధర, కార్ట్రిడ్జ్ ధర విడివిడిగా రాయకుండా, రోగికి అందిన ఒక్కో ఫలితానికి ఇంత అని ఒకటే ధర రాయించాలి. రిపేరు, బ్యాటరీ, టెక్నీషియన్ శిక్షణ అన్నీ అందులోనే. ఫలితం రాని పరీక్షకు డబ్బు లేదు. అలా రాస్తే, జంపన్నవాగు పొంగి దారి తెగిన వారంలో మెషీన్ నడిచిందా లేదా అన్నది కంపెనీకి కూడా పట్టింపు అవుతుంది. ఇప్పుడది ఆ గదిలో ఉన్న టెక్నీషియన్ ఒక్కడి బాధ.